గెట్టు మీది నారు

మా ఇంట్లో కూరగాయలు తేవడం మా ఆయన పని. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి నన్ను జనగామ సంతకు పంపాడు, మళ్లీ పంపలేదు. ప్రతి వంకాయనూ తిప్పి తొడిమ కింద చూస్తాను నేను. పాలకూర కట్ట విప్పి ఆకు వెనక వేలితో రుద్దుతాను. "కొనేటట్టుంటె కొను, లేకుంటె లేదు. నా బేరం జెడగొట్టకు తల్లీ" అని ఒక అవ్వ నా చేతిలోని కట్ట గుంజుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మా ఆయన ఆ కథ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతాడు.

మాది తరిగొప్పుల. వరి, మొక్కజొన్న, జొన్న పంటలకు వచ్చే శిలీంధ్ర తెగుళ్లు, వైరస్ తెగుళ్ల మీద పరిశోధన నా ఉద్యోగం. జీవితమంతా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో బురద తొక్కాను. ఈ మధ్యే రిటైరయ్యాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి ఏ పుస్తకం చదవాలని అడుగుతారు. పుస్తకాలు వాళ్లు నాకంటే ఎక్కువే చదివారు. వాళ్లకు లేనిది అనుమానం. ఆకు మీద మచ్చ చూడగానే ఫోన్‌లో ఫొటో తీసి, దానికి పేరు పెట్టేసి, మందు రాసేస్తారు. వాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఎవరికీ అక్కర్లేదు. రెండు మూడు సంగతులు చెబుతాను, వాటిలో ఒకటి కొంచెం పెద్దది.

కవర్లో వచ్చిన కంకులు

ఉద్యోగం మొదట్లో జనగామ వైపు నుంచి ఒక రైతు మా కేంద్రానికి వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో తెల్లబడ్డ వరి కంకులు. ఊళ్లో మందుల దుకాణం ఆయన అది మెడ విరుపు అని చెప్పి, అగ్గి తెగులుకు కొట్టే మందు ఇచ్చాడట. నేను కంకి పట్టుకుని మెల్లగా లాగాను. వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు ఊడి వచ్చింది. కింద కొరికిన గుర్తు ఉంది. అది తెగులు కాదు, కాండం తొలిచే పురుగు. మెడ విరుపైతే కంకి మెడ దగ్గర నల్లబడి విరుగుతుంది, ఇలా ఊడిరాదు. నేను గర్వంగా పురుగు మందు రాసిచ్చాను.

లేచి వెళ్తూ వెళ్తూ ఆయన అన్నాడు: "మా చేను బగ్గ దూరం మేడం. బస్సుకు ఆలిస్యమైతదని తొవ్వల మా పాలోళ్ల మడిలకెళ్లి తెంపుకొచ్చిన. రెండు ఒక్క తీరుగనే ఉన్నయి తియ్యి."

నేను కుర్చీలోంచి లేచి ఆయనతో బస్సెక్కాను. ఆయన చేలో మెడలు నల్లగా విరిగి ఉన్నాయి. దుకాణం ఆయన చెప్పిందే నిజం. తెగులు ఒకరిది, కంకి ఇంకొకరిది. ఆ రైతు అబద్ధం చెప్పలేదు, మోసం చేయలేదు. తెల్లగా ఉన్న కంకులన్నీ ఆయన కంటికి ఒక్కటే, అంతే. ఆ రోజు నుంచి కవర్లో వచ్చిన దేనికీ నేను పేరు పెట్టలేదు.

బురద, 'కావచ్చు'

నాకు ఇద్దరు పై అధికారులు బాగా గుర్తున్నారు. మొదటాయన మేం పొలం నుంచి రాగానే ముఖాలు చూడడు, కాళ్లు చూస్తాడు. మోకాళ్ల దాకా బురద లేకపోతే రిపోర్టు తెరవనే తెరవడు. "రోడ్డు మీద జీపు ఆపి చూసొచ్చినవా? అయితె జీపు డ్రైవర్‌నే రాయమను" అనేవాడు. అందరం ఆయన్ని తిట్టుకున్నాం. ఆయన పోయాక ఆయన విలువ తెలిసింది.

రెండో ఆయన మంచివాడే. పిల్లల ఫీజులకు చేబదులు ఇచ్చేవాడు, సెలవు అడిగితే కాదనేవాడు కాదు. కానీ ఆయనకు 'కావచ్చు' అనే మాట మీద విపరీతమైన ప్రేమ. ఏ రిపోర్టులోనైనా ఆ మాట పడితే తప్ప సంతకం పెట్టడు. మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో మొక్కజొన్న పూత తర్వాత నిలువునా ఎండిపోయింది. నేను కాండం చీల్చి చూస్తే లోపల కాటుక రాసినట్టు నలుపు. మసి కుళ్లు తెగులు, అందులో సందేహం లేదు. నా రిపోర్టు ఆయన బల్ల మీద నుంచి తిరిగొచ్చేసరికి 'వాతావరణం కారణం కావచ్చు, తెగులు కారణం కావచ్చు' అయింది. ఆ తండాలో ఒక అక్క ఆ కాగితం ఎవరితోనో చదివించుకుని నన్ను నిలదీసింది: "కావచ్చు అంటె ఏంది మేడం? అయినట్టా, కానట్టా? వచ్చే ఏడు ఏం పెట్టాల్నో గిండ్ల ఏడుంది?"

నాకు ఆయన మీద కోపం మాత్రం మిగిలింది. ఈ రెండో ఆయన ఇప్పుడు చెప్పబోయే కథలో మళ్లీ వస్తాడు.

గీత గీసినట్టు ఎండిన మడి

కాటారం మండలంలో అడవి అంచున ఒక ఊరు. పేరు రాయను. వానాకాలం వరి పిలకలు వేసే రోజులు. అక్కడి వ్యవసాయ విస్తరణాధికారి ఫోన్ చేసి, "మేడం, ఇది తెగులు పని కాదు, పంచాయితీ పని. అయినా మీరు ఒకసారి రావాలి" అన్నాడు.

సంగతి ఇది. ఓదెలు అనే రైతు మడిలో ఒక పట్టీ మొత్తం పసుపెక్కి గిడసబారిపోయింది. ఆ పట్టీ పక్క రైతు రాజక్క మడికీ అతని మడికీ మధ్య ఉన్న గట్టును, మా మాటలో గెట్టును, ఆనుకుని ఉంది. ఆ గెట్టు గురించి ఇద్దరికీ పాత తగాదా. రాజక్క భర్త భూపాలపల్లిలో కూలి పని చేస్తాడు, సాగు మొత్తం ఆమె చేతి మీదే. నాట్లయిన కొన్నాళ్లకు ఆమె గెట్టు దగ్గర మందు పంపు వీపున వేసుకుని తిరగడం చూశామని ఇద్దరు ముగ్గురు చెప్పారు. పగబట్టి గడ్డి మందు కొట్టిందని ఓదెలు పెద్దమనుషుల్లో పెట్టాడు. పెద్దమనిషి సారయ్య ఒక మాట చెప్పాడు: పంటల డాక్టర్ వచ్చి తేల్చేదాకా రాజక్క మడిలోకి ఎవరూ కైకిలికి, అంటే కూలి పనికి, పోవద్దు. గడ్డి మందే అని తేలితే ఓదెలు పంట నష్టం ఆమె కట్టాలి, గెట్టు వదులుకోవాలి, పోలీసు కేసు కూడా పెడతారు.

నేను వెళ్లేసరికి రాజక్క మడిలో కలుపు వరిని మింగేస్తోంది. ఒక్క మనిషి కూడా లేదు. ఆమె ఒక్కతే నడుము వంచి పీకుతోంది, ఒక మూల పీకేలోపు ఇంకో మూల మొలుస్తోంది. తీర్పు ఇంకా రాలేదు గానీ శిక్ష అప్పుడే మొదలైంది.

ఓదెలు నన్ను గెట్టు మీద నిలబెట్టి చేయి చాపాడు. "సూడున్రి మేడం. గీత గీసినట్టు ఎండింది. తెగులైతె గిట్ల గీత గీస్తదా?"

అతను అడిగింది సరైన ప్రశ్న. తెగులు గుండ్రంగా, చెదురుమదురుగా, దానిష్టం వచ్చినట్టు పాకుతుంది. సరళ రేఖ మనిషి పని. ఆ పట్టీ అంచు తాడు పట్టినట్టు ఉంది. ఇటు పసుపు, అటు పచ్చ.

రాజక్కను అడిగాను. ఆమె గెట్టుకు అటువైపు, చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా దోపుకుని నిలబడింది.

"నేను ఏ మందు కొట్టలే."

"ఏ మందూ కొట్టలేదా?"

"కొట్టలే అంటున్న గద మేడం. ఎన్ని సార్లు చెప్పాలె?"

ఆమె కాళ్ల దగ్గర, గెట్టు మీద ఆమె వైపు గడ్డి మాడి గోధుమ రంగులో ఉంది. గడ్డి మందు కొట్టిన గడ్డి ఎలా చస్తుందో నాకు తెలియంది కాదు. నేను ఆమె కొట్టం దాకా నడిచి, మూలన ఉన్న పంపు మూత తీసి వాసన చూశాను. గడ్డి మందు వాసనే. వెనక్కి తిరిగితే రాజక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ముఖం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది.

"కొట్టిన" అంది. "ఒడ్డు మీద కొట్టిన. గడ్డి నడుముల దాంక పెరిగింది, పురుగు బూసి తిరుగుతున్నది. చెక్కనీకె మనిషి దొరుకలే. ఆళ్ల మడిల ఒక్క సుక్క ఎయ్యలే. నా బిడ్డ మీద ఒట్టు."

"మరి అబద్ధం ఎందుకు చెప్పావు?"

"కొట్టిన అంటె ఒడ్డు మీదనే కొట్టిన అని నువ్వు నమ్ముతవా?"

నేను నమ్మలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో రిపోర్టు నా తలలో సగం రాసేసుకున్నాను. తగాదా ఉంది, మందు ఉంది, గీత ఉంది, అబద్ధమూ ఉంది. ఇంక ఏం కావాలి? నన్ను ఆపింది ముఖాలు కాక కాళ్లు చూసే ఆ మొదటి అధికారి. కాళ్లకు బురద అంటలేదు. చెప్పులు గెట్టు మీద వదిలేసి ఓదెలు మడిలో దిగాను.

పచ్చగా ఉన్న గడ్డి

ఆ పసుపు పట్టీలో వరి గిడసబారింది. ఆకులు కొసల నుంచి నారింజ రంగుకు తిరుగుతున్నాయి, పిలకలు లేవు. కానీ వరి దుబ్బుల మధ్య ఊద గడ్డి ఉంది. పక్కన తుంగ ఉంది. రెండూ నవనవలాడుతూ, పచ్చగా, పొగరుగా ఉన్నాయి.

గడ్డి మందు కొట్టిన చోట వరి చచ్చి గడ్డి బతుకుతుందా? గెట్టు మీది గడ్డిని మాడ్చిన మందు మడిలో పడితే ఊదను వదిలిపెట్టేది కాదు. నేను గెట్టు అంచు దాకా వెళ్లి చూశాను. మాడిన గడ్డి గెట్టు మీదే ఆగిపోయింది.

రాజక్క మడిలోకి దిగి ఆమె దుబ్బులూ చూశాను. గెట్టు వారన అక్కడక్కడ పసుపు దుబ్బులు కనపడ్డాయి. ఓదెలుకు చూపించాను.

"గాలికి కొట్టుకపోయి ఆమె మడిలనే పడ్డది" అన్నాడు. అతని అనుమానం నా అనుమానం కంటే గట్టిది.

మళ్లీ ఆ గీత దగ్గరికే వచ్చాను. పచ్చ వైపు దుబ్బు ఒకటి, పసుపు వైపు దుబ్బు ఒకటి పీకి, వేళ్లు కడిగి పక్కపక్కన పెట్టాను. రెండింటి అడుగు భాగాలు వేరుగా ఉన్నాయి. పసుపు వైపుది నాటేనాటికే ముదిరిన నారు. మొదలు గట్టిగా, కణుపులు తేలి ఉంది. పచ్చ వైపుది లేత నారు.

"ఓదెలూ, నాటు ఒక్క రోజే వేశావా?"

"ఒక్క దినమే. మహదేవపూర్ దిక్కుకెళ్లి కైకిలోళ్లు ఆటోల వచ్చిండ్రు. పొద్దుమూకకముందే అయిపోయింది."

"నారంతా నీదేనా?"

"ఎవనిదో తెచ్చుకోవడానికి నాకేం తక్కువ? మొత్తం నాదే." ఛాతీ విరుచుకుని చెప్పాడు. అతని భార్య మల్లక్క దూరంగా కొడవలితో గట్టు గీకుతోంది. నా ప్రశ్నకు ఆమె కొడవలి ఆగింది, మళ్లీ కదిలింది.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. నాట్లయ్యాక నారు మిగిలితే ఎవరూ పారేయరు, అమ్మరు. కట్టలు కట్టి గెట్టు మీద పెడతారు. తక్కువ పడ్డవాళ్లు తీసుకుపోతారు. అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. కానీ తక్కువ పడ్డదని తెలిస్తే మాత్రం ఊరంతా ఆ సీజను మొత్తం ఆటపట్టిస్తారు, గింజలు నానబోయడం కూడా రాదని. ఓదెలులాంటి మనిషి ఆ మాట పడడు.

మల్లక్క చెప్పింది

ఆ రాత్రి కాటారంలో ఆగాను. ఆ నారింజ రంగు చూసి నాకు అనుమానం వచ్చిన టుంగ్రో అనే వైరస్ తెగులుకు ఒక తేలిక పరీక్ష ఉంది. ఎండ పడకముందే ఆకులు కోసి అయోడిన్ నీళ్లలో ముంచితే, తెగులు ఉన్న ఆకులో పిండి పేరుకుపోయి నల్లటి చారలు తేలతాయి. అందుకే తెల్లవారకముందే ఆ మడి దగ్గరికి వెళ్లాను. మల్లక్క అప్పటికే అక్కడ ఉంది. నా కోసమే వచ్చిందని అర్థమైంది.

"మేడం, గీ ముచ్చట ఆయనకు తెల్వద్దు."

"ముందు చెప్పు."

"నారు తక్కువ పడ్డది. ఆయన కైకిలోళ్లకు చాయ్ తేనీకె పోయిండు. ఆటో ఆయన పోదాం పోదాం అని లొల్లి వెడ్తుండె. నేను ఉరికి, సారయ్య పటేల్ గెట్టు మీద కట్టలు ఉంటె తెచ్చి ఆళ్లకిచ్చిన. గీ ఒడ్డు పొంటి ఏసిండ్రు. నారు పచ్చగనే ఉండె మేడం. నారుకు రోగముంటదని నాకేమెర్క?"

"రాజక్కను అందరూ అంటుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"అనుమానమైతె వచ్చింది. నేను గా మాటంటె ఇంట్ల నా బతుకేం గావాలె?" అంది. కళ్లు తుడుచుకుంది. నాకు జాలి కలిగింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. పక్క మడిలో ఒక ఆడమనిషి ఒంటరిగా కలుపు పీకుతుంటే ఈమె ఇన్నాళ్లూ చూస్తూ కూర్చుంది.

ఆకులు ముంచాను. నల్లటి చారలు వచ్చాయి. పచ్చ వైపు ఆకులకు రాలేదు. ఈ పరీక్ష ఒక్కటీ చాలదు. మొక్కలు పీకి, వేళ్లతో సహా తడి గుడ్డలో చుట్టి, ల్యాబ్‌లో వైరస్ పరీక్షకు సిద్ధం చేసుకున్నాను. ఈసారి పచ్చ వైపువీ, రాజక్కవీ, అన్నీ నా చేత్తోనే పీకాను.

సారయ్య దీపం

సారయ్య చేను ఊరికి దూరం, చెట్ల వెనక. పంచాయితీలో న్యాయం చెప్పే మనిషి చేలోకి ఎవరూ తొంగి చూడరు. నేను చూశాను. మడి తర్వాత మడి పసుపు.

"జింకు లోపం మేడం" అన్నాడు ఆయన. "జింకు చల్లిన. యూరియ సుత ఏసిన. తిరుగుతది."

"తిరగదు. మీ నారుమడి ఎక్కడ?"

బావి పక్కన చూపించాడు. దాన్ని ఆనుకునే ఒక స్తంభం, స్తంభానికి పెద్ద లైటు. చుట్టుపక్కల మోటార్లు ఎత్తుకుపోతున్నారని విని, దొంగల భయానికి తెల్లవార్లూ వెలిగేలా పెట్టించాడట. ఊళ్లో ఎవరినీ నమ్మలేమన్నాడు. లైటు కింద గూట్లో పచ్చదీపపు పురుగులు చచ్చి కుప్పగా ఉన్నాయి. ఈ తెగులును మొక్క నుంచి మొక్కకు మోసేది ఆ పురుగే, దానికి దీపమంటే ప్రాణం. చుట్టూ ఉన్న పాత వరి మోళ్లలోంచీ గడ్డిలోంచీ అది లైటు కోసం వచ్చి, కింద నారు మీద వాలి, రసం తాగిన చోటల్లా వైరస్ దింపింది. దొంగలు వచ్చారో లేదో తెలియదు గానీ, ఇవి మాత్రం వచ్చాయి.

ఆయనకు ఇదంతా చెప్పాను. సారయ్య లైటును, నన్ను మార్చి మార్చి చూశాడు.

"మీ చేను ఇలా ఉందని పంచాయితీలో ఎందుకు చెప్పలేదు?"

"నాది జింకు లోపం అనుకున్న. ఓదెలుది గడ్డి మందు అనుకున్న. రెండు ఒక్కటే అని నాకెర్కుంటె రాజక్కను పదిమందిల నిలవెడ్తనా?"

రెండు చేలూ ఒకే రంగులో ఉన్నాయి. తన చేనుకు ఒక పేరు, ఓదెలు చేనుకు ఇంకో పేరు పెట్టుకున్నాడు. నిజంగా తెలియదా, తన నారు మాట పైకి వస్తుందని ఊరుకున్నాడా? మొక్కకైతే అయోడిన్ పరీక్ష ఉంది. మనిషికి లేదు. సారయ్య మీద నాకు ఇప్పటికీ సగం అనుమానమే.

ల్యాబ్ పరీక్ష కూడా టుంగ్రో అనే తేల్చింది. రిపోర్టు రాసి మా రెండో అధికారి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, "టుంగ్రో అని రాస్తే పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తయమ్మా. 'పోషక లోపం కావచ్చు, వైరస్ కావచ్చు' అని రాద్దాం" అన్నాడు.

"సార్, మీరు 'కావచ్చు' అని రాస్తే, ఆ ఊళ్లో 'గడ్డి మందు కూడా కావచ్చు' అని చదువుతారు. అక్కడ ఒక ఆడమనిషి మడి కలుపుతో పోతోంది."

"మనకెందుకమ్మా ఊరి తగాదాలు?"

"అయితే రిపోర్టు మీ పేరుతో మీరే రాయండి. నా పేరు తీసేయండి."

నేను అంత గట్టిగా మాట్లాడగలనని ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆయన ఫ్యాను వైపు చూసి సంతకం పెట్టాడు. ఆయన బల్ల మీద నుంచి కొట్టివేతలు లేకుండా నా రిపోర్టు బయటికి వచ్చింది ఆ ఒక్కసారే.

పంచాయితీలో

రిపోర్టును నేనే తీసుకెళ్లి చదివాను. మల్లక్క పేరు ఎత్తలేదు. ముదురు నారు బయటి నుంచి వచ్చిందని, అది వచ్చిన నారుమడిలో వైరస్ ఉందని, గడ్డి మందు జాడ మడిలో ఎక్కడా లేదని చెప్పాను. తెగులు సోకిన దుబ్బులు పీకి పూడ్చమన్నాను. పురుగుకు మందు చెప్పాను. సారయ్యను ఆ లైటు తీసేయమన్నాను, లేదా నారుమడిని దానికి దూరంగా పోసుకోమన్నాను. ఆయన తల ఊపాడు. కైకిలి కట్టడి ఎత్తేస్తున్నామని ఆయనే చెప్పాడు, గొంతు కొంచెం తగ్గించి.

ఓదెలు లేచాడు. నారు తక్కువ పడ్డదన్న సంగతి పదిమందిలో బయటపడ్డందుకు ముఖం మాడిపోయి ఉంది. భార్య వైపు ఒక చూపు చూశాడు. "అయితె గడ్డి మందు గాదన్నట్టు" అన్నాడు, తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. రాజక్కతో ఒక్క మాట లేదు.

నేను జీపు ఎక్కబోతుంటే రాజక్క వచ్చింది. దండం పెడుతుందనుకున్నాను.

"నువ్వు సుత నా పంపు వాసన సూసినవ్ గద మేడం."

"చూశాను. చూడకపోతే నేను నీ వైపు మాట్లాడానని వీళ్లు అనేవాళ్లు."

"గది నాకెర్కనే. అయినా సూసినవ్ గద."

ఆ మాటకు నాకు బాధ కలిగింది, ఇప్పటికీ కలుగుతుంది. కానీ మళ్లీ అలాంటి కేసు వస్తే మళ్లీ పంపు మూత తీస్తాను. పిల్లలూ, మీరూ తీయండి. అలా చూశాక ఎదుటి మనిషి ముఖం కూడా ఒకసారి చూడండి.

మళ్లీ నాట్లు

మరుసటి వానాకాలం, నా రిటైర్మెంటుకు కొద్ది రోజుల ముందు, ఆ ఊరు చూడటానికి వెళ్లాను. తెగులు మళ్లీ లేచిందేమోనని అనుమానం. సారయ్య బావి దగ్గర స్తంభం ఉంది, లైటు లేదు. అంత సంతోషించాల్సిన పని లేదు, ఇంటికి తీసుకుపోయి వాకిట్లో పెట్టుకున్నాడు.

రాజక్క నాట్లు అప్పుడే ముగిశాయి. మిగిలిన నారు కట్టలు గెట్టు మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఆ పక్కనే ఓదెలు మడిలో నాట్లు సగంలో ఆగి ఉన్నాయి. ఈసారి అతని నారుమడిని అడవి పందులు తొక్కేశాయట. కైకిలోళ్లు గెట్టు మీద కూర్చుని ఉన్నారు. మల్లక్క రాజక్క కట్టల ముందు నిలబడి ఉంది. చేయి చాపదు, వెనక్కి పోదు.

ఓదెలు నన్ను చూసి దూరం నుంచే అన్నాడు, "మేడంను సూడమను."

నేను వంగాను. అలవాటు. ఒక కట్ట తీసి ఆకులు విడదీసి, అడుగు వైపు తిప్పి, వేలితో రుద్ది చూశాను.

"నాకేమీ కనపడలేదు. కనపడలేదు కాబట్టి లేదని మాత్రం చెప్పలేను."

అది నిజం. ఆ నిజం ఆ సమయంలో ఎవరికీ పనికిరాలేదు.

రాజక్క నా వైపు చూసింది, ఓదెలు వైపు చూసింది. "నా మడి మొత్తం గీ నారే ఏసిన" అంది.

"మడిల ఏసింది ఏదో, ఒడ్డు మీద పెట్టింది ఏదో" అన్నాడు ఓదెలు. గట్టిగా కాదు. కానీ అందరికీ వినపడింది. ఏడాది కిందటి పంచాయితీ మొత్తం ఆ మాటతో మళ్లీ గెట్టు మీదికి వచ్చింది.

రాజక్క చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది.

"మల్లక్కా, ఒక కట్ట తియ్యి. నువ్వే తియ్యి. నీకు దేని మీద అనుమానముంటె గదే తియ్యి."

మల్లక్క భర్త వైపు చూడలేదు. వరసలో మధ్య కట్ట ఒకటి తీసి ఇచ్చింది. రాజక్క దాన్ని విప్పుకుని తన మడిలోకి దిగింది. అంచున కాదు, నడిమధ్య దాకా నడిచింది. అక్కడ వంగి, వేసిన నాటు సందుల్లోనే ఆ కట్టలోని నారు మొత్తం ఒక్కొక్క దుబ్బుగా నాటింది. మేమంతా చూస్తూ నిలబడ్డాం. పని అయ్యాక నడుము మీద చేయి పెట్టుకుని లేచింది.

"పొయ్యేదుంటె ముందుగాల నాదే పోతది. ఇగ తీస్కపోన్రి. పొద్దుగూకుతున్నది."

మల్లక్క వంగి రెండు కట్టలు ఎత్తుకుంది. కైకిలోళ్లు లేచారు. ఓదెలు కొంచెంసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత గెట్టు దాకా వచ్చి, మిగిలిన కట్టలు రెండు చేతులా ఎత్తుకుని తన మడిలోకి దిగాడు. తిప్పి చూడలేదు.